రహదారి మారితే వేగం మారాలి
ద్విచక్ర వాహన ప్రయాణంలో పాటించవలసిన జాగ్రత్తలు

ద్విచక్ర వాహనం నేడు తెలుగు రాష్ట్రాల్లో సామాన్య కుటుంబాలకు ప్రధాన ప్రయాణ సాధనం. పొలానికి ఎరువు బస్తా చేర్చే రైతుకు, తెల్లవారుజామున పాల క్యాన్లతో బయలుదేరే పాడి రైతుకు, పిల్లలను బడిలో దింపే తల్లిదండ్రులకు, ఇంటింటికీ భోజనం, సరుకులు అందించే యువకులకు, రాత్రి డ్యూటీ ముగించుకుని ఇల్లు చేరే కార్మికునికి అదే ఆధారం. ఆ వాహనం ప్రమాదానికి గురైతే తరచుగా నష్టపోయేది ఆ ఇంటికి సంపాదించి పెట్టే వ్యక్తినే.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. మృతుల్లో 74,897 మంది, అంటే 44.5 శాతం, ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. మొత్తం మరణాల్లో 71.2 శాతానికి అతివేగం కారణంగా నమోదయింది. ప్రమాదాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు వాతావరణం తేటగా ఉన్నప్పుడు, సుమారు మూడింట రెండు వంతులు తిన్నని రోడ్లపై జరగడం గమనార్హం. దారి బాగుందన్న ధీమాయే వేగాన్ని పెంచుతున్నదని, ఆ వేగమే అనుకోని అడ్డంకి ఎదురైనప్పుడు ప్రాణాంతకమవుతున్నదని దీనిని బట్టి భావించవచ్చు.

ప్రమాదాల వార్తల్లోనూ, ప్రాథమిక నివేదికల్లోనూ ‘వాహనం అదుపు తప్పి’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. అదుపు దానంతట అది తప్పదు. రోడ్డుపై టైరుకు ఉన్న పట్టు, చోదకుని కంటికి కనిపించే దూరం, వాహనం వేగం - ఈ మూడింటి మధ్య పొంతన చెడినప్పుడే తప్పుతుంది. పట్టు, చూపు అనేవి రోడ్డును బట్టి, వేళను బట్టి, ఋతువును బట్టి మారుతుంటాయి. చోదకుని చేతిలో పూర్తిగా ఉన్నది వేగం ఒక్కటే. కనిపిస్తున్న దూరంలోపల ఆగగలిగినంత వేగంతోనే నడపడం అన్ని రకాల రోడ్లకూ వర్తించే మూలసూత్రం.

ఆగేందుకు పట్టే దూరం

అడ్డంకిని చూసిన క్షణం నుంచి చేయి బ్రేకును అందుకునే వరకు దాదాపు ఒక సెకను గడుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఆ ఒక్క సెకనులోనే 17 మీటర్లు సాగుతుంది. ఆ తర్వాత పొడి తారు రోడ్డుపై మంచి బ్రేకులతో ఆగడానికి సుమారు మరో 20 మీటర్లు, తడి రోడ్డుపై సుమారు 35 మీటర్లు కావాలి. మొత్తం మీద పొడి రోడ్డుపై 37 మీటర్లు, తడి రోడ్డుపై 52 మీటర్లు అవసరమవుతాయి. 40 కిలోమీటర్ల వేగంలో ఇవే లెక్కలు సుమారు 20 మీటర్లు, 26 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో 57 మీటర్లు, 84 మీటర్లు. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక సాగే దూరం నాలుగు రెట్లు పెరుగుతుందన్న విషయాన్ని ప్రతి చోదకుడు గుర్తుంచుకోవాలి. టైర్లు అరిగినా, వెనుక బరువు ఉన్నా, చోదకుడు అలసి ఉన్నా ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

బ్రేకు వేయగానే వాహనం బరువు ముందు చక్రంపైకి వాలుతుంది. అందువల్ల వాహనాన్ని ఆపే శక్తిలో అధిక భాగం ముందు బ్రేకుదే. ముందు బ్రేకు వేస్తే పడిపోతామన్న భయంతో కేవలం కాలి బ్రేకుపై ఆధారపడేవారు అనేకులు. వెనుక చక్రం ఒక్కటే బిగుసుకుపోతే వాహనం పక్కకు జారుతుంది. వాహనం నిటారుగా, తిన్నగా ఉన్నప్పుడు రెండు బ్రేకులను కలిపి, క్రమంగా ఒత్తిడి పెంచుతూ వేయడం సరైన పద్ధతి. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీకి పైబడిన కొత్త వాహనాలకు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్, అంతకు తక్కువ సామర్థ్యం గలవాటికి రెండు బ్రేకులను కలిపి పనిచేయించే సీబీఎస్ కనీస ఏర్పాటుగా తప్పనిసరి అయ్యాయి. ఇవి సహాయకాలు మాత్రమే. రోడ్డుకు లేని పట్టును ఇవి కల్పించలేవు.

తొలకరి వానలు, తడి రోడ్లు

వేసవి అంతా రోడ్డుపై పేరుకున్న నూనె మరకలు, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి తొలకరి చినుకులకు కలిసి జారుడు పొరగా మారతాయి. అందుచేత వాన మొదలైన తొలి నిమిషాలు ఎక్కువ ప్రమాదకరం. కోస్తా జిల్లాల్లో నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగిన తర్వాత కూడా ఈశాన్య ఋతుపవనాల వానలు, తుపానులు డిసెంబరు వరకు కొనసాగుతాయి కాబట్టి ఈ జాగ్రత్తలు జూన్, జూలై మాసాలకే పరిమితం కావు.

రోడ్డుపై వేసిన తెల్లని, పసుపు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల ఇనుప అతుకులు, రైలు పట్టాలు తడిసినప్పుడు మామూలు తారు కంటే ఎంతో ఎక్కువగా జారతాయి. వాటిపై వాహనాన్ని వంచడం, బ్రేకు వేయడం, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పడం తగదు. రైలు పట్టాలను వీలైనంత వరకు అడ్డంగా, తిన్నగా దాటాలి. ఏటవాలుగా దాటితే చక్రం పట్టా సందులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

ముందు వెళ్లే వాహనం ఒక కరెంటు స్తంభాన్ని దాటిన తర్వాత వెనుక వాహనం అదే స్తంభాన్ని చేరడానికి పొడి రోడ్డుపై కనీసం రెండు సెకన్లు, తడి రోడ్డుపై నాలుగు సెకన్లు పట్టేటట్లు ఎడం పాటించాలి. వాన జోరుగా ఉండి ముందు దారి కనిపించనప్పుడు రోడ్డుకు బాగా దూరంగా ఆగడం మేలు. ఫ్లైఓవర్ల కింద రోడ్డు మీదనే గుంపుగా ఆగడం వల్ల వెనుక నుంచి వచ్చే వాహనాలు ఢీకొనే అవకాశం ఉంది. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు చెట్ల కింద నిలబడరాదు.

పొంగే వాగులు, చప్టాలు

వర్షాకాలంలో లోతట్టు చప్టాలపై నీరు ప్రవహిస్తున్నప్పుడు దాటబోయి కొట్టుకుపోవడం ఏటా వింటున్న విషాదం. ప్రవహించే నీరు మోకాలి లోతు లేకపోయినా ద్విచక్ర వాహనాన్ని పక్కకు నెట్టగలదు. నీటి కింద చప్టా తెగిపోయి ఉందో లేదో పైనుంచి తెలియదు. నిత్యం తిరిగే దారి అన్న నమ్మకం అక్కడ పనికిరాదు. నీరు తగ్గే వరకు ఆగడం, లేదా చుట్టుదారిన వెళ్లడం తప్ప వేరే సురక్షిత మార్గం లేదు.

కదలకుండా నిలిచిన కొద్దిపాటి నీటిని దాటవలసి వచ్చినప్పుడు తక్కువ గేరులో, నిలకడైన వేగంతో, రోడ్డు మధ్య భాగం మీదుగా వెళ్లాలి. దాటిన తర్వాత కొంత దూరం బ్రేకులను తేలికగా నొక్కి పట్టి నడిపితే అవి ఆరి మళ్లీ పనిచేస్తాయి.

మట్టి, ఇసుక, కంకర దారులు

తడిసిన నల్లరేగడి మట్టి టైరు గాడుల్లో నిండుకుని పట్టును పూర్తిగా పోగొడుతుంది. మడ్‌గార్డుకు, చక్రానికి మధ్య చేరి చక్రం తిరగకుండా కూడా చేస్తుంది. పొలాల నుంచి ట్రాక్టర్లు మోసుకొచ్చే మట్టి వల్ల తారు రోడ్డు మీద కూడా ఈ పరిస్థితి ఏర్పడుతుంది. మలుపుల వద్ద, కల్వర్టుల వద్ద, ఇసుక లారీలు తిరిగే దారుల్లో రోడ్డు అంచున ఇసుక మేట వేసి ఉంటుంది. కొత్తగా తారు వేసిన రోడ్లపై అంటుకోని చిన్న కంకర కొంతకాలం తేలి ఉంటుంది.

ఇటువంటి చోట్లకు చేరకముందే వేగం తగ్గించుకోవాలి. చేరిన తర్వాత ముందు బ్రేకును చాలా సున్నితంగా వాడుతూ, హ్యాండిల్‌ను బిగపట్టకుండా, చూపును ముందుకు నిలిపి సాగాలి. గుంత కనిపించినప్పుడు దానివైపే చూస్తూ ఉంటే వాహనం అటే వెళ్తుంది. చూపు తప్పించుకునే దారిపై ఉండాలి. గుంత తప్పనిసరి అయితే అంచుకు ముందే బ్రేకు వదిలి, వాహనాన్ని తిన్నగా పోనివ్వాలి.

కోతల కాలంలో గ్రామీణ రోడ్లపై ధాన్యం, మొక్కజొన్న ఆరబోయడం పరిపాటి. గింజలపై టైరు గోళీల మీద నడిచినట్లే జారుతుంది. చీకటి పడ్డాక కుప్పలపై కప్పిన నల్లని పట్టాలు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు దగ్గరకు వెళ్లే వరకు కంటికి ఆనవు.

రాత్రి ప్రయాణం, పొగమంచు

దేశవ్యాప్తంగా సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్య అత్యధిక ప్రమాదాలు నమోదవుతున్నాయి. పనుల నుంచి ఇళ్లకు మళ్లే రద్దీ, అలసట, మసక వెలుతురు ఒకేసారి కలిసే వేళ అది. పశువులు మేత నుంచి తిరిగి వచ్చే సమయమూ అదే. ద్విచక్ర వాహనపు డిమ్ కాంతిలో ముందున్నది స్పష్టంగా కనిపించేది కొద్ది పదుల మీటర్ల మేరకే. వెనుక దీపాలు లేని ట్రాక్టర్ ట్రాలీ, రోడ్డు పక్కన నిలిపిన లారీ, ఎడ్లబండి ఆ పరిధిలోకి వచ్చాకే కంట పడతాయి. 60 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డుపై ఆగేందుకే 37 మీటర్లు కావలసి ఉండగా, వెలుతురు పరిధిని మించిన వేగంతో వెళ్లడం కళ్లు మూసుకుని నడపడంతో సమానం.

ఎదురు వాహనాల వెలుగు కంట్లో పడినప్పుడు వేగం తగ్గించి, రోడ్డు ఎడమ అంచును ఆధారంగా చేసుకోవాలి. ఎదుటివారికి ఇబ్బంది కలగకుండా డిమ్ చేయడం కనీస మర్యాద. వెనుక బరువు ఎక్కువైతే హెడ్‌లైట్ పైకి లేచి, డిమ్‌లో ఉన్నా ఎదుటివారి కళ్లలో పడుతుంది. గీతలు పడిన లేదా నల్లని వైజర్‌తో రాత్రిపూట నడపరాదు. వాహనానికి, హెల్మెట్‌కు, సరుకుల సంచికి మెరిసే స్టిక్కర్లు అతికించుకుంటే వెనుక వచ్చేవారికి దూరం నుంచే కనిపిస్తుంది.

శీతాకాలపు తెల్లవారుజామున లంబసింగి, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లోనే కాక మైదాన ప్రాంత రహదారులపైనా పొగమంచు కమ్ముతుంది. పొగమంచులో హైబీమ్ వేస్తే ఆ కాంతి తిరిగి చోదకుని కళ్లలోనే పడుతుంది. డిమ్‌తో, తక్కువ వేగంతో వెళ్లాలి. ఆగవలసి వస్తే రోడ్డు దిగి బాగా దూరంగా ఆగాలి.

ఘాట్ రోడ్లు

అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం, తిరుమల ఘాట్ రోడ్లపై దిగే సమయంలో ఇంజను ఆపడం, న్యూట్రల్‌లో జారవిడవడం అత్యంత ప్రమాదకరం. పెట్రోలు కొంత మిగులుతుందన్న ఆశతో చేసే ఈ పని వల్ల వేగాన్ని నిలిపే భారమంతా బ్రేకులపై పడుతుంది. నిరంతరం వేసిన బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికి కూడా ఇంచుమించు అదే గేరు వాడితే ఇంజనే వేగాన్ని అదుపులో ఉంచుతుంది. గేర్లు లేని స్కూటర్లపై దిగేవారు మొదటి నుంచే తక్కువ వేగంతో దిగుతూ, మధ్యలో ఆగి బ్రేకులు చల్లబడనివ్వాలి.

మలుపుకు ముందే వేగం తగ్గించాలి. మలుపులో వాహనం వంగి ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేయరాదు. మలుపు కోసుకుని ఎదుటి వైపుకు వెళ్లడం, మలుపుల్లో ఓవర్‌టేక్ చేయడం నిషిద్ధమని భావించాలి. బస్సులు, లారీలు మలుపు తిరగడానికి రోడ్డులో అధిక భాగం తీసుకుంటాయి కాబట్టి వాటికి చోటు విడిచిపెట్టాలి. నల్లమల వంటి అటవీ మార్గాల్లో వన్యప్రాణుల రాకపోకల దృష్ట్యా విధించిన ఆంక్షలను పాటించడం చోదకుని భద్రతకు కూడా అవసరం.

నాలుగు వరుసల రహదారులు, నగర వీధులు

కేంద్ర ప్రభుత్వం 2018లో జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరుసల రహదారులపై మోటారు సైకిళ్ల గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, పురపాలక పరిధిలోనూ ఇతర రోడ్లపైనా 60 కిలోమీటర్లు. అవసరమైన చోట్ల ఇంతకంటే తక్కువ పరిమితి విధించవచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులే గానీ అన్ని వేళలా వెళ్లదగిన వేగాలు కావు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు అసలు అనుమతి లేదు.

యూటర్న్ దూరమవుతుందని ఎదురుదిశలో రావడం జాతీయ రహదారులపై ప్రాణాంతకమైన అలవాటు. ఎదురెదురుగా వచ్చే రెండు వాహనాల వేగాలు కలిసిపోవడంతో తప్పించుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. లారీ, బస్సు పక్కనుంచి దూసుకుపోయినప్పుడు, పెద్ద వంతెనలపై వెళ్తున్నప్పుడు గాలి తాకిడికి వాహనం పక్కకు నెట్టబడుతుంది. అటువంటప్పుడు వేగం తగ్గించి, అంచుకు మరీ దగ్గరగా కాకుండా నడపాలి.

నగరాల్లో ఆగి ఉన్న కార్ల తలుపులు అకస్మాత్తుగా తెరుచుకోవడం, ఆటోలు హఠాత్తుగా ఆగడం, బస్సులు ఎడమకు తిరగడం సాధారణం. పెద్ద వాహనం అద్దంలో దాని డ్రైవరు ముఖం కనిపించడం లేదంటే, ఆయనకు కూడా ద్విచక్ర వాహనం కనిపించడం లేదని గ్రహించాలి. తిరగబోతున్న బస్సుకు ఎడమ పక్కన దూరడం ఏ పరిస్థితిలోనూ తగదు.

హెల్మెట్, బరువు, వెనుక కూర్చునేవారు

2022లో హెల్మెట్ ధరించకపోవడం వల్ల మరణించినవారు 50,029 మంది కాగా, వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ ధరించాలి. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉంది. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్‌ను గడ్డం కింద పట్టీ బిగించి ధరించినప్పుడే అది రక్షణ ఇస్తుంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మార్చాలి. 2019 సవరణ చట్టం ప్రకారం హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తే రూ.1,000 జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత వర్తిస్తుంది. నాలుగేళ్లలోపు పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు వేగం 40 కిలోమీటర్లు మించరాదన్న నిబంధన, వారిని చోదకునితో కలిపి ఉంచే రక్షణ పట్టీ వాడాలన్న నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చాయి.

వెనుక చక్రానికి చీర, చున్నీ, పంచె చుట్టుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ కవచం, పట్టుకునే ఊత, కాలు పెట్టుకునే ఆధారం ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు పేర్కొంటున్నాయి. బస్తాలు, క్యాన్లు రెండు వైపులా సమానంగా, తక్కువ ఎత్తులో ఉండేటట్లు కట్టాలి. బరువుకు తగినట్లు తయారీదారు సూచించిన మేరకు టైర్లలో గాలి ఉంచాలి. వారానికొకసారి చల్లగా ఉన్న టైర్లలో గాలిని, బ్రేకులను, చైనును, దీపాలను చూసుకోవడం కొద్ది నిమిషాల పని.

ప్రమాదం జరిగినప్పుడు

గాయపడిన తర్వాతి మొదటి గంటను చట్టం ‘గోల్డెన్ అవర్’గా గుర్తించింది. 108కి వెంటనే సమాచారం ఇవ్వాలి. ఈ సేవలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమయ్యాయి. మెడకు గాయమై ఉండవచ్చు గనుక శ్వాసకు అడ్డు లేనంత వరకు హెల్మెట్‌ను బలవంతంగా లాగరాదు. స్పృహ లేని వ్యక్తికి నీరు తాగించరాదు. సహాయం చేసినవారికి చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తున్నది. 2025 మే 5 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర పథకం కింద క్షతగాత్రులకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, గరిష్ఠంగా రూ.1.5 లక్షల మేరకు నగదు రహిత చికిత్సకు వీలుంది.

నిర్వహణ, నమోదు

చోదకుని జాగ్రత్తకు రోడ్డు నిర్వహణ తోడు కావాలి. స్పీడ్ బ్రేకర్లు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. రంగు గీతలు, ముందస్తు సూచికలు లేకుండా నిటారుగా కట్టిన దిమ్మెలు వేగాన్ని తగ్గించకపోగా రాత్రివేళ ప్రమాదాలకు తావిస్తాయి. తారు అంచుకు, మట్టి అంచుకు మధ్య ఎత్తు తేడాను పూడ్చడం, తేలిన కంకరను ఊడ్చడం, పనులు జరిగే చోట రాత్రి కనిపించే హెచ్చరికలు ఉంచడం తక్కువ ఖర్చుతో ప్రాణాలు నిలిపే పనులు. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణల్లో నిర్దేశిత ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం లేదా అంగవైకల్యం సంభవిస్తే బాధ్యులైన సంస్థకు, కాంట్రాక్టరుకు రూ.1 లక్ష వరకు జరిమానా విధించే వీలు 198ఎ సెక్షన్‌లో ఉంది.

2021 నుంచి దశలవారీగా అమలులోకి వచ్చిన సమీకృత రోడ్డు ప్రమాదాల సమాచార వ్యవస్థలో ప్రమాద స్థలం, రోడ్డు స్థితి, వాతావరణం నమోదు చేసే ఏర్పాటు ఉంది. ‘అదుపు తప్పి’ అన్న రెండు మాటలతో సరిపుచ్చకుండా రోడ్డు తడిగా ఉందా, ఇసుక ఉందా, దీపాలు ఉన్నాయా, మలుపు సూచిక ఉందా, హెల్మెట్ పట్టీ బిగించి ఉందా అన్న వివరాలను అధికారులు నమోదు చేసి, పాత్రికేయులు ప్రచురించగలిగితే అదే చోట మరో ప్రమాదాన్ని నివారించే వీలు కలుగుతుంది. ఆ వివరాల ఆధారంగా రోడ్డును సరిదిద్దడం శాఖల విధి. సరిదిద్దే వరకు ఆ రోడ్డుకు తగిన వేగంతో నడపడం చోదకుని విధి.